తండ్రి ఒప్పుకోలేదని రాశాను

2022 ఆగస్టులో, గచ్చిబౌలి అవతల మా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో, ఒక ఫారం మీద నేను ‘తండ్రి ఒప్పుకోలేదు’ అని రాశాను. ఆ తండ్రి ఒప్పుకోకపోవడం అంటూ ఏమీ జరగలేదు. అసలాయనను ఎవరూ అడగలేదు. అడిగినట్టు కనిపించింది, అంతే. రాస్తున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు. ఆ తర్వాత రెండేళ్లపాటు స్టాఫ్ రూములోనూ, మా ఇంట్లోనూ, ఒక శిక్షణ తరగతిలోనూ ఆయన నిజంగానే కాదన్నట్టు చెప్పుకుంటూ వచ్చాను. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను. ఎందుకలా చేశానో నాకింకా పూర్తిగా తెలియదు. తెలిశాక రాద్దామనుకుంటే ఎప్పటికీ రాయనేమోనని అనుమానం వచ్చింది.

నేను లెక్కల టీచర్ని. పేరు నరహరి. సర్వీసు ఇరవై ఏడేళ్లు. మా బడి మేడమీద నిలబడితే మూడు వైపులా అద్దాల భవనాలే. నాలుగో వైపు ఇంకా కడుతున్నవి. వాటిల్లో పనిచేసేవాళ్ల పిల్లలు మా బడికి రారు, వాటిని కట్టేవాళ్ల పిల్లలు వస్తారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహార్, ఇటు పాలమూరు, అటు శ్రీకాకుళం. పని జరిగే చోటు పక్కనే రేకుల గదుల వరుసలుంటాయి, వాటిని లేబర్ క్యాంపు అంటారు. టవర్ లేచినన్నాళ్లు క్యాంపు ఉంటుంది. టవర్ పూర్తయితే రేకులు విప్పి లారీలోకి ఎక్కిస్తారు. వాటితోపాటు మా రిజిస్టర్లో కొన్ని పేర్లు పోతాయి.

ఇలాంటి పిల్లలకు టీసీ ఉండదు. టీసీ అంటే పాత బడి ఇచ్చే బదిలీ కాగితం. అది లేకపోయినా వయసును బట్టి తరగతిలో చేర్చుకోవాలి. దీన్ని ఏజ్ అప్రాప్రియేట్ అడ్మిషన్ అంటాం. పదమూడేళ్లుంటే ఎనిమిది. చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయి ఉన్నా ఎనిమిదే. మధ్యలో ఉన్న ఐదేళ్లను ఎవరు పూడ్చాలనేది ఉత్తర్వుల్లో ఒక రకంగా, మా తరగతి గదిలో మరో రకంగా ఉంటుంది.

మినతి అలా వచ్చిన పిల్ల. ఆ ఏడు జూన్‌లో తనే వచ్చింది, పెద్దవాళ్లెవరూ తోడు లేరు. వెనక ఒక తమ్ముణ్ణి, క్యాంపులోని మరో ఇద్దరు చిన్నపిల్లలను నిలబెట్టుకుంది. ప్రైమరీ బడి కూడా మా ఆవరణలోనే.

“సార్, వీళ్లకు రాయుండ్రి. ఈ పోరికి ఏడేండ్లు, వీనికి తొమ్మిది. వీని తల్లి ఆధార్ తెమ్మంటరేమో అని భయపడి రాలే.”

“నీది ఏ ఊరమ్మా?”

“ఒడిశా సార్. బలంగీర్ అవతల.”

“మరి తెలుగు ఇంత మంచిగ ఎట్ల వచ్చింది?”

“ఏడేండ్లాయె కద సార్. క్యాంపుల అందరికీ నేనే చెప్పాలె.”

అందరికీ తనే చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల నాకు దగ్గరైపోయింది. కారణం నా చిన్నతనం. మాది జనగామ దిక్కు సాలెల ఇల్లు. నాకు మూడేళ్లప్పుడు బాపు భివండికి మరమగ్గాల పనికి వెళ్లాడు, మమ్మల్నీ తీసుకుపోయాడు. బాపుకు మరాఠీ రాలేదు. ఇరవై ఏళ్లున్నా రాలేదు. నేను మునిసిపాలిటీ మరాఠీ బడిలో చదివాను. రేషన్ దుకాణానికి, సేఠు దగ్గరికి, దవాఖానకు, కిరాయి ఇంటివాడితో గొడవకు నన్నే వెంటబెట్టుకుని పోయేవాడు. ఎనిమిదేళ్లకే మా ఇంటి నోరు నేనయ్యాను. గర్వంగా ఉండేది. భయంగానూ ఉండేది. పెద్దవాళ్లు తిట్టే తిట్లను బాపుకు ఎంతవరకు చెప్పాలో నేనే తేల్చుకునేవాణ్ణి.

మినతి చదువు చూడడానికి బేస్‌లైన్ టెస్ట్ పెట్టాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఏం వచ్చో, ఏం రాదో తెలుసుకునే పరీక్ష అది. భాగహారం రాలేదు. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవలేదు. కానీ నోటిలెక్క అడిగితే కళ్లు మూసి చెప్పేస్తుంది. మా హెచ్.ఎం. మేడమ్ అది చూశారు. ఆవిడది భీమవరం.

“ఏవండీ నరహరిగారూ, ఈ పిల్లని ఇక్కడే కూర్చోబెడితే తొమ్మిదిలో ఉండగానే చేజారిపోతుందండీ. హాస్టల్ బడికి రాయండి. అక్కడైతే బ్రిడ్జ్ కోర్సు ఉంది.”

బ్రిడ్జ్ కోర్సు అంటే ఆ ఐదేళ్ల గుంతను ఆరు నెలల్లో, ఏడాదిలో పూడ్చే చదువు. జిల్లాలోనే, మా బడికి గంటన్నర ప్రయాణంలో ఆడపిల్లల రెసిడెన్షియల్ బడి ఒకటుంది. నేనే ఫారం నింపాను, రెండుసార్లు వెళ్లి అడిగాను. ఆగస్టులో సీటు వచ్చింది. మిగిలింది తండ్రి అంగీకారం ఒక్కటే.

ఇక్కడ భివండిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. నేను టీచరెందుకయ్యానని ఎవరడిగినా చెప్పే కథ అది. నాలుగో తరగతిలో మా టీచరును బాయి అని పిలిచేవాళ్లం. మరాఠీ బడుల్లో టీచరమ్మను అలాగే పిలుస్తారు. బాయి ఒకరోజు బాపును పిలిపించింది. “మీవాడు వారంలో మూడు రోజులు బడికి రావడం లేదు, మీరు పనులకు తిప్పుతున్నారట, ఇలాగైతే ఇదే తరగతిలో ఉండిపోతాడు” అని నాకు మరాఠీలో చెప్పి, బాపుకు చెప్పమంది. నేను బాపుకు తెలుగులో, “మంచిగ చదువుతుండట, లెక్కలల్ల ఫస్టట” అని చెప్పాను. బాపు నవ్వాడు, దండం పెట్టాడు. బాయి ఆ నవ్వు చూసింది. తను చెప్పిన మాటలకు ఏ తండ్రీ నవ్వడు. నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు మా గల్లీలోనే ఉండే, మరాఠీ వచ్చిన ఒక పెద్దాయనను వెతికి పట్టుకుని, ఆయనతో మా గదికి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి అంతా బాపుకు చెప్పించింది. ఆ తర్వాత బాపు నన్ను పనులకు తిప్పడం మానేశాడు. రేషన్ దుకాణంలో చేతులతో సైగలు చేసి తెచ్చుకునేవాడు. నేను చదివాను. బాయిలాగా కావాలనుకున్నాను, టీచరునయ్యాను.

ఈ కథను నేను ఉపాధ్యాయ దినోత్సవాలప్పుడు చాలాసార్లు చెప్పాను. చప్పట్లు కొట్టేవారు.

మినతి తండ్రి ఆ శనివారం సాయంత్రం నాలుగింటికి వచ్చాడు. రాడ్ బైండింగ్ పని, అంటే స్లాబుకు ముందు ఇనుప కడ్డీలను తీగతో కట్టడం. వేళ్ల నిండా తుప్పు ఎరుపు. చెప్పులు గుమ్మం బయటే వదిలాడు. కూర్చోమంటే కూర్చోలేదు. హెచ్.ఎం. మేడమ్ పక్క గదిలో ఫోన్‌లో ఉన్నారు. నేను, ఆయన, మధ్యలో మినతి.

నేను నాలుగైదు నిమిషాలు తెలుగులో చెప్పాను. సీటు వచ్చిందని, అన్నం, బట్టలు, పుస్తకాలు అన్నీ అక్కడేనని, నెలకోసారి చూసి రావచ్చని, పదో తరగతి వరకు భయం లేదని. మినతి వింది. తర్వాత తండ్రి వైపు తిరిగి ఒడియాలో రెండు ముక్కలు చెప్పింది. రెండే.

ఆయన నా వైపు చూశాడు. చేతులు జోడించాడు. “ఠీక్ హై సార్” అన్నాడు, మెల్లగా.

కూతురిని పంపనని చెప్పేవాళ్లను నేను వందలమందిని చూశాను. వాళ్లు నేల చూస్తారు, లేదా గోడ చూస్తారు. ఏదో ఒక సాకు చెబుతారు, దేవుడి మీదో అత్తగారి మీదో పెడతారు. ఈయన సూటిగా నా కళ్లల్లోకి చూశాడు. ఏదో అడిగితే లేదనిపించుకుని, పోనీ ప్రయత్నం చేశారు కదా అని దండం పెట్టే మనిషి ముఖం అది. మా బాపు ఎక్కడో నవ్వకూడని చోట నవ్వాడు. ఈయన నవ్వవలసిన చోట నవ్వలేదు.

“ఏమన్నడమ్మా?” అన్నాను మినతిని.

“వద్దంటుండు సార్. అమ్మకు బాగలేదు కద. ఇంటికాడ ఎవలు చూస్తరంటుండు.”

ఆయన అంత మాట్లాడలేదు. నాలుగు పదాలు కూడా మాట్లాడలేదు. వాళ్లమ్మకు టీబీ, వారం వారం దవాఖానకు తీసుకెళ్లి మందులు తెచ్చేది మినతే. అక్కడి నర్సుతో మాట్లాడేదీ మినతే. అది నాకు తెలుసు. పిల్ల నా వైపు చూస్తోంది. నేను ఫారం తీశాను. సీటు వచ్చి కూడా చేరకపోతే కారణం రాసే గడి ఒకటుంటుంది. అందులో ‘తండ్రి ఒప్పుకోలేదు’ అని రాసి, ఆయన ముందుకు జరిపి, సంతకం పెట్టే చోట వేలు పెట్టి చూపించాను. ఆయన ఒంగి, గుండ్రటి ఒడియా అక్షరాల్లో, చాలాసేపు తీసుకుని తన పేరు రాశాడు.

ఆయనకు హిందీ వస్తుందో రాదో నేను అడగలేదు. నాకు హిందీ వచ్చు. ‘ఠీక్ హై సార్’ అన్న మనిషికి మరో నాలుగు ముక్కలు రాకుండా ఉండవు. పక్క గదిలో మేడమ్ ఉన్నారు, బయట వాచ్‌మన్ ఉన్నాడు, వాళ్ల ముందైనా మళ్లీ అడగవచ్చు. ఆయన చెప్పులు వేసుకుని గేటు దాటే దాకా నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పిలవలేదు.

ఎందుకు పిలవలేదని చాలాసార్లు ఆలోచించాను. ఒకసారి అనిపిస్తుంది, ఆ పిల్ల నిర్ణయాన్ని గౌరవించానని. తల్లి మందులు ఆగిపోతాయని భయపడి చెప్పిన అబద్ధం అది. దాన్ని బయటపెట్టి తండ్రి ముందు పిల్లను దోషిని చేయడం ఎందుకనుకున్నానేమో. మరోసారి అనిపిస్తుంది, నన్ను నేనే కాపాడుకున్నానని. బాయి మా గదికి వచ్చి వెళ్లాక మూడు రోజులు బాపు నాతో మాట్లాడలేదు. ఆ మూడు రోజుల సంగతి ఉపాధ్యాయ దినోత్సవాల్లో ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. మరికొద్ది నెలల్లో ఓఎస్‌సీ సర్వే వస్తుంది. బడి బయట ఉన్న పిల్లలను వెతికి లెక్క రాసే పని అది. క్యాంపు క్యాంపుకూ తిరగాలి. ఒడియా మాట్లాడేవాళ్లు మాలో ఎవరూ లేరు. నేను ఫారం తీసుకెళ్లి ఇచ్చినప్పుడు మేడమ్ నిట్టూర్చి అన్నారు, “అయ్యో పాపం. ఏం చేస్తామండీ, వీళ్లింతే. పోనీలెండి, సర్వేకి మనకో మనిషి దొరికింది.” నేను నవ్వాను. ఆ మాట అప్పటికే నా మనసులో ఉందా, ఆవిడ అన్నాక వచ్చిందా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

ఆ డిసెంబరులో మినతి నాతో పదకొండు రోజులు తిరిగింది. పదకొండు రోజులూ రిజిస్టర్లో హాజరు వేశాను. ఆధార్ శిబిరం వస్తే మినతి. టీకాలవాళ్లు వస్తే మినతి. కొత్తగా ఏ ఒడియా కుటుంబం వచ్చినా ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర నిలబడి, “మినతీ, ఒకసారి రా తల్లీ” అని పిలిచేది నేనే. పిల్లలు తనకు ‘చిన్న మేడమ్’ అని పేరు పెట్టారు. వెక్కిరింతో మురిపెమో, తను నవ్వేది. నేను ఆమెను అందరి ముందూ మెచ్చుకునేవాణ్ణి. నేనూ చిన్నప్పుడు ఇట్లనే చేసేవాణ్ణి, అందుకే టీచరునయ్యాను, నువ్వూ అవుతావు అనేవాణ్ణి. నేను టీచరునైంది బాయి ఆ పని మానిపించినందుకు. ఆ తేడా నాకు తట్టనే లేదా, తట్టి కూడా పక్కకు నెట్టానా?

తొమ్మిదో తరగతి చివర్లో టవర్ పూర్తయింది. క్యాంపు లేచిపోయింది. మినతికి అప్పటికీ మూడంకెల భాగహారం సరిగా రాదు. పదో తరగతి నామినల్ రోల్ అంటే పరీక్ష రాసేవాళ్ల పేర్ల పట్టిక. అందులో ఆమె పేరు లేదు.

పోయిన ఏడాది ఒక శిక్షణ తరగతిలో వలస పిల్లల గురించి మాట్లాడమన్నారు. నేను ఈ కథే చెప్పాను. సీటు తెచ్చాను, తండ్రి ఒప్పుకోలేదు, మన ప్రయత్నం ఒకటే సరిపోదు అని ముగించాను. వెనక వరుసలో రేణుక అని కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి లేచింది.

“సార్, ఆయన ఏమన్నడు సార్? అంటే... ఏ మాటలతోని వద్దన్నడు?”

“ఇంటికాడ ఎవరు చూస్తారన్నాడు.”

“మీతోనే అన్నడా?”

“వాళ్ల బిడ్డ చెప్పింది.”

“ఓహో” అని కూర్చుంది. అందులో ఆక్షేపణ లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నా చేతిలో పప్పు గరిటె అలాగే ఉండిపోయింది. వెనకాలవాళ్లు “సార్, జర ముందుకు” అంటున్నారు.

క్యాంపు తెల్లాపూర్ వైపు పోయిందని ఆటోవాళ్ల ద్వారా తెలుసుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. మినతి ఒక గేటెడ్ కమ్యూనిటీలో రెండు ఇళ్లలో పని చేస్తోంది. పదిహేడో ఏడు. పని ముగించుకుని పక్క గేటులోంచి బయటికి వస్తూ నన్ను చూసి ఆగిపోయింది.

“సార్, మళ్లా సర్వే వచ్చిందా?”

కాదని తల ఊపాను. వాళ్లమ్మ గురించి అడిగాను. మందుల కోర్సు పూర్తయిందట, తగ్గిందట, ఇప్పుడు ఆవిడా పనికి వెళుతోందట. గోడ నీడన నిలబడి, తండ్రికి నిజం చెబుదామని వచ్చానన్నాను. ముందు నిన్ను అడగాలని వచ్చాను, నువ్వు వద్దంటే వెళ్లిపోతాను అన్నాను.

మినతి సంచిని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. “మీకు తెలుసని నాకు అప్పుడే ఎరుక సార్.”

“తెలుసా?”

“సీటు రాలేదట, వచ్చే ఏడు చూద్దామన్నరు సారు అని చెప్పిన నాయినకు. చెప్పి మీ మొఖం చూసిన. ఆపుతరేమో అని. మీరు పెన్ను తీసిన్రు.”

“ఆపాలని ఉండెనా నీకు?”

“ఏమో సార్. ఆపితే కోపమొస్తుండె. ఆపకపోతే...” అని వదిలేసింది. “అమ్మను ఎవలు తోల్కపోతుండె అప్పుడు? మీరు తోల్కపోతుంటిరా?”

“వేరే ఎవరినన్నా చూస్తుంటిమి. అది నా పని. నీ పని కాదు.”

“అదేందో అప్పుడు చెప్తె అయిపోతుండె కద సార్” అంది. కోపంగా అనలేదు, అలసటగా అంది.

నువ్వు ఇంట్లో భారం మోస్తున్నావని తెలిసి, బడిలోనూ అదే భారం నెత్తిన పెట్టాను, తప్పు చేశానమ్మా అన్నాను. తను రోడ్డు వైపు చూస్తూ వింది. ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయవచ్చని, ఆదివారాలు నేను వచ్చి లెక్కలు చెబుతానని అన్నాను. “చూస్త సార్” అంది. నిజంగా చూస్తానందో, మర్యాదకు అందో తెలియలేదు. ఈ రాత రాసే నాటికి రెండు ఆదివారాలు వచ్చి కూర్చుంది, ఒకసారి రాలేదు.

ఇప్పుడు మా బడిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ పిల్ల చేతా, ఏ పిల్లవాడి చేతా వాళ్ల సంగతి వాళ్ల తల్లిదండ్రులకు చెప్పించం. క్యాంపులోని వేరే పెద్దమనిషిని పిలుస్తాం, లేదంటే ఫోన్లో ఎవరినైనా పట్టుకుంటాం. ఆలస్యమవుతుంది. మేడమ్ మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు ఆవిడే నంబర్లు రాసిపెట్టుకున్నారు. ఇది పెద్ద విద్యేమీ కాదు. నలభై ఏళ్ల క్రితం నాకు ఎదురుగా జరిగిందే. అంత చూసినవాణ్ణి ఎట్లా మరిచానో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

“చెప్పుండ్రి నాయినకు. నేను అబద్ధమాడిన అని కూడ చెప్పుండ్రి” అని ఆ రోజే గోడ దగ్గరి నుంచి మినతే నన్ను వెంట తీసుకుపోయింది.

ఆయన రేకుల గది ముందు కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. సగం ముఖానికి నురగ ఉంది. నన్ను గుర్తుపట్టి లేచాడు, తువ్వాలుతో తుడుచుకున్నాడు, లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. మినతి అలవాటుగా మా మధ్యకు వచ్చి నిలబడింది. నువ్వు అమ్మ దగ్గర కూర్చోమ్మా అన్నాను. ఆయనకు హిందీ వచ్చు. కొంచెం ఆగి ఆగి మాట్లాడతాడు, కానీ నేను చెప్పిందంతా అర్థమైంది. సీటు వచ్చిందని చెప్పాను. పిల్ల తల్లి కోసం దాచిందని చెప్పాను.

ఆయన కూతురి వైపు చూశాడు. ఒడియాలో ఏదో అన్నాడు. తను తల దించుకుని ఒక్క మాట జవాబిచ్చింది. వాళ్లమ్మ మినతి భుజం మీద చెయ్యి వేసింది. ఏమనుకున్నారో నాకు తెలియదు. అడగలేదు.

తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. “సార్, ఆ రోజు నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. అందులో ఏం రాసి ఉంది?”

కుర్చీలోంచి లేచాను. “కూతుర్ని చదివించడానికి మీరు ఒప్పుకోలేదని రాసి ఉంది. మీరు ఆ మాట అనలేదు. అనలేదని నాకు తెలుసు. తెలిసే రాశాను, తెలిసే మీ చేత సంతకం పెట్టించాను, రెండేళ్లు అందరికీ అదే చెప్పాను. ఆ తప్పు మీ బిడ్డది కాదు, మీది కాదు, నాది. నన్ను క్షమించండి” అన్నాను.